పానా తగలని బండి

నేను చేసిన తెలివితక్కువ పనిని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: నట్టు బిగించకముందే నమస్కారం పెట్టాను. ఈ రెంటిలో ఏది ముందైనా దేవుడు పట్టించుకోడు. స్టీరింగు పట్టించుకుంటుంది.

మా ఇంటి ముందు రేకుల కింద ఒక ఎర్ర కారుంది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, నేలకు జానెడు ఎత్తు. వయసులో నాకంటే పెద్దది. సారపాక కాగితం మిల్లులో పనిచేసి, రిటైరై సొంతూరు వెళ్లిపోతున్న ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాను. విదేశీ స్పోర్ట్స్ కారు అని ఆయన గర్వంగా చెప్పాడు. స్పోర్ట్స్ అంటే ఆటలే కదా, కొన్న రోజు నుంచీ అది నన్ను ఆడిస్తూనే ఉంది. పగలంతా ఖమ్మంలో విత్తనాల కొట్లో కూర్చుని, మొలకెత్తని గింజలకు జవాబు చెప్పుకునేవాణ్ణి. సాయంత్రం దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే మాత్రం నాలో ఏదో మొలకెత్తినట్టుండేది.

దాని పాత స్టీరింగు బస్సు స్టీరింగంత ఉండేది. అంచుకున్న నల్ల ప్లాస్టిక్ ఏళ్ల తరబడి ఎండ తిని పగిలిపోయి, వేడెక్కితే చాలు జిగురు కక్కేది. వీధి చివరిదాకా వెళ్లొచ్చినా అరచేతులు మసిబొగ్గే. ఆ చేతులతో నేను గేటు తీస్తుంటే మా బావ తప్పకుండా ఎదురొచ్చేవాడు.

"ఏం బామ్మర్దీ, బొగ్గుబాయిల డ్యూటీ దిగి వస్తున్నవా?"

బావంటే మా అక్క భర్త. వెనక వీధిలోనే వాళ్ల ఇల్లు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బతుకంతా డ్రైవర్లకు "రైట్ రైట్", "హోల్డాన్" అని చెప్పినవాడు, తను మాత్రం బండి నడపడం నేర్చుకోలేదు. ఎవరి పక్కన కూర్చున్నా తలుపు మీద చరుస్తూ, తనకు రాని పనిని వాళ్లకు నేర్పుతుంటాడు.

అక్కకు నా కారంటే భయం. రెండుసార్లు అది దారిలో మొరాయించి, ట్రాక్టరు వెనక తాడుతో ఇంటికొచ్చింది. "ఉన్నది ఒక్కడే తమ్ముడు, వాణ్ణి ఆ ఎర్రడబ్బా మింగుతది" అని ఆమె బాధ. హైదరాబాదులో ఎవరో దాన్ని కొంటారని కబురు కూడా తెప్పించింది. నేను బతిమాలితే చివరికి ఒక షరతు పెట్టింది.

"తమ్మీ, ఇంట్ల పూజ జేసి భద్రాచలం పోవాలె. గుడి ముంగట కొబ్బరికాయ కొట్టాలె. ఈడ పూజ అయినకాడికెల్లి ఆడ కాయ కొట్టేదాంక బండికి పానా తగలొద్దు. తగల్లేదా, బండి నీదే, నేను మళ్ల నోరెత్త. తగిలిందా, అమ్మేస్తవ్."

పానా అంటే మా వైపు స్పానరు. పూజ చేసిన బండికి మొదటి ప్రయాణం ముగిసేదాకా ఇనుప పనిముట్టు తాకించకూడదన్నది మా ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పట్టింపు. అక్క ఆ పట్టింపును తెచ్చి నా కారు మెడకు కట్టింది. పక్క సీట్లో సాక్షిగా బావ వస్తాడని కూడా తేల్చేసింది.

భద్రాచలం దాకా ఆ పగిలిన స్టీరింగు చక్రంతో వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. అంచుకు చెక్క, నడుమ మూడు తెల్లటి రెక్కలు ఉన్న చిన్న చక్రం ఒకటి బొంబాయి నుంచి తెప్పించాను. చేతిలోకి తీసుకుంటే వీణ ఎత్తుకున్నట్టుండేది. ఆ కొత్త చక్రాన్ని కారు పాత స్టీరింగు రాడ్డుకు కలపడానికి నడుమ ఒక ముక్క వేయాలి. దాన్ని బాస్ అంటారట. మా ఇంట్లో అక్క ఉండగా ఇంకో బాసా అనిపించింది గానీ, పెట్టెలో వచ్చింది కాబట్టి ఉంచుకున్నాను.

పూజ నాటి ఉదయం మా సందు మొదట్లో షెడ్డున్న మెకానిక్ భాయ్ దగ్గర పెద్ద పానా అరువు తెచ్చుకున్నాను. అంత పెద్ద నట్టుకు సరిపోయే పానా నా దగ్గర లేదు. పాత చక్రం తీసేటప్పుడు నట్టును పూర్తిగా తీయకూడదు, కొసకు రెండు చుట్లు ఉంచి లాగాలి. అది నాకు తెలుసు. అయినా అడ్డమెందుకని మొత్తం తీసేసి, కాళ్లు తన్నిపట్టి లాగాను. చాలాసేపు కదలని చక్రం ఒక్కసారిగా నన్ను నమ్మింది. నమ్మి నేరుగా ముక్కు మీదికొచ్చింది.

అప్పుడే గేటు తీసుకుని వస్తున్న బావ ఆగి చూశాడు. "బండికి బొట్టు పెడదమని వస్తే నీ ముక్కుకే పెట్టిందిగా."

ముక్కు తుడుచుకుని కొత్తది ఎక్కించాను. రాడ్డు కొసన సన్నటి పళ్లుంటాయి, బాస్ లోపలి పళ్లు వాటి మీద కూర్చోవాలి. కూర్చున్నాయి. చక్రాన్ని బాస్‌కు బోల్టులతో బిగించాను. మిగిలింది నడుమ పెద్ద నట్టొకటే. బండిని ఒకసారి ముందుకూ వెనక్కూ జరిపి, ముందు టైర్లు తిన్నగా ఉన్నప్పుడు చక్రం రెక్కలు కూడా సమంగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే దాన్ని పానాతో గట్టిగా బిగించాలి. అందుకని అప్పటికి చేత్తో తిప్పి వదిలాను.

సరిగ్గా అప్పుడే అక్క పళ్లెంతో వచ్చింది.

"జల్దీ కానీ తమ్మీ, వర్జ్యం వస్తున్నది. ఈ నడుమ గుంతేంది? బొట్టు ఏడ పెట్టాలె?"

ఆ గుంతలోనే నట్టుంది. దాని మీద హారన్ మూత కూర్చుంటుంది. అక్క చేతిలో కుంకుమ వేలి కొసనే ఆగి ఉంది. నేను మూత తీసుకుని టక్కున నొక్కేశాను. ఆ టక్కు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పసుపు పడింది, కుంకుమ పడింది, రెక్కలకు ఎర్రదారం చుట్టింది, చక్రం చుట్టూ బంతిపూల దండ పడింది. హారతి కళ్లకద్దుకుని నమస్కారం పెట్టాను. చేతులు దించాక గుర్తొచ్చింది.

"అక్కా, ఒక్క నట్టు..."

"ఏ నట్టు?" అన్నది అక్క కాదు, బావ. నిమ్మకాయలు టైర్ల కింద పెడుతున్నవాడు కాస్తా లేచి నిలబడ్డాడు.

ఇప్పుడు పానా పడితే బయల్దేరకముందే బండి పోయినట్టు.

"ఏం లేదు."

అంతలో భాయ్ వచ్చాడు. ఏదో ట్రాక్టరు పని పడిందట. "బిగించినవా సార్? పానా తీసుకపోనా?"

అక్క చూస్తోంది. బావ చూస్తున్నాడు. "అవ్ భాయ్," అన్నాను.

పానా వెళ్లిపోయింది. మా వైపు ప్రాణాన్ని పానం అంటాం. పానాకీ పానానికీ మధ్య తేడా ఒక్క సున్నాయే. ఆ సున్నా ఆ ఉదయం నా తలకాయ అని నాకప్పుడే అర్థమైంది.

"రైట్ రైట్!" అని బావ తలుపు చరిచాడు. నిమ్మకాయలు చితికాయి. బయల్దేరాం.

తల్లాడ దాకా ఏమీ కాలేదు. కొత్త చక్రం చేతిలో ఒదిగిపోయింది, కారు కుర్రదానిలా తిరిగింది. చేతిబిగింపు చాలేమో, లోకం అనవసరంగా పానాలు తయారు చేస్తోందేమో అని కూడా అనుకున్నాను. కొత్తగూడెం దగ్గర పడుతుండగా చక్రంలో చిన్న ఆట మొదలైంది. నా చేయి తిరిగిన కాసేపటికి గానీ టైరు తిరగడం లేదు. ఇద్దరి మధ్య ఏదో మాట తేడా వచ్చినట్టు.

ఎదురుగా ఆటో వచ్చింది. "హారన్ గొట్టు!" అన్నాడు బావ. కొట్టాను. మోగలేదు. చక్రం మొత్తాన్ని లోపలికి నెట్టి మళ్లీ కొట్టాను. మోగింది. హారన్ తీగ తాకాలంటే చక్రం రాడ్డు మీద లోపలిదాకా కూర్చుని ఉండాలి. మోగడం లేదంటే చక్రం నా వైపు వచ్చేస్తోందన్నమాట.

పాల్వంచలో చాయ్ అన్నాను. బావ దిగాడు. ఆయన వీపు అటు తిరగగానే గోటితో మూత లేపాను. గోరు విరిగింది, మూత లేచింది. నట్టు బాగా పైకి వచ్చేసి ఉంది. వేళ్లతో తిప్పి, తిప్పి, ఇంక తిరగనంత తిప్పి, మూత నొక్కేసరికి బావ రెండు గ్లాసులతో నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్?"

"బొట్టు చెరుగుతుంటే సర్దుతున్న."

"నీకు గింత భక్తి ఎప్పట్నుంచి బామ్మర్దీ?"

కొత్తగూడెం దగ్గర్నుంచి అని అనలేదు. చాయ్ మింగాను.

పాల్వంచ దాటితే అడవి. రెండు వైపులా చెట్లు దగ్గరికొచ్చాయి. మిల్లుకు జామాయిల్ కర్ర మోసుకుపోయే లారీలు ముందొకటి, వెనకొకటి. వాటి మధ్య మా బండి తిరగలి సందున పడ్డ గింజ. రోడ్డు మీద అక్కడక్కడా గతుకులు. గతుకు గతుకుకూ నట్టు ఎంత లేస్తోందో ఊహించుకుంటూ, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకోవడం మానేసి నెట్టడం మొదలుపెట్టాను. ఆపేద్దామా? వెనక లారీ అంగుళం సందు ఇవ్వడం లేదు. అసలు ఆపి ఏం చెప్పాలి? నిజం చెబితే సాక్షి పక్కనే ఉన్నాడు. బండి పోతుంది. చెప్పకపోతే ఇద్దరం పోతాం. అక్కకు ఉన్నది ఒక్కడే తమ్ముడని నాకు తెలుసు. ఉన్నది ఒక్కడే మొగుడన్న సంగతి కూడా ఆ అడవిలోనే తట్టింది.

"ఆ టకటక సప్పుడేంది?"

నట్టు. విడిపోయి మూత లోపల కొట్టుకుంటోంది.

"అక్క దారానికి గజ్జె కట్టిందేమో."

"నేను జూడలే గజ్జె."

"బావా, ఒక్క నిమిషం మాట్లాడకు."

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయనతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆపేస్తాను, బండి పోతే పోనీ అనుకుని ఎడమ పక్క జాగా కోసం చూస్తున్నాను. కొంచెం ఎత్తు ఎక్కాక ఒంపు దగ్గర చెట్ల మధ్య చదును కనిపించింది. వేగం తగ్గించాను. వెనక లారీ తిట్టినట్టు హారన్ కొట్టి పక్కనుంచి దాటిపోయింది. ఎడమకు తిప్పాను.

చక్రం నా ఒళ్లోకి వచ్చేసింది.

దండతో, దారంతో, బొట్టుతో సహా. రాడ్డు బోడిగా ముందు నిలబడి ఉంది. కారు తనకు తోచిన దారిన రోడ్డు దిగుతోంది, అటు పక్క గుంత ఉంది. బ్రేకు మీద రెండు కాళ్లూ వేసి నిలబడ్డాను. నా జన్మలో అంత గట్టిగా దేన్నీ తొక్కలేదు. బావ గొంతులోంచి నలభై మంది ప్యాసింజర్లకు వినబడే కేక వచ్చింది.

"హోల్డాన్!"

ఆగింది. బంపరు ముందు ఒక చిన్న టేకు చెట్టు, దాని వెనక గుంత. ఇంజను ఆగిపోయింది. నేను చక్రాన్ని గుండెకు హత్తుకుని కూర్చున్నాను. భద్రాచలం రాముడి చేతుల్లో శంఖమూ చక్రమూ ఉంటాయి. నా చేతిలో చక్రం ఉంది, శంఖమే మోగడం లేదు.

ఇప్పపూల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు చెట్లలోంచి వచ్చి, మమ్మల్ని చూసి ఆగారు. ఒకామె తమ భాషలో రెండో ఆమెతో ఏదో అంది. ఇద్దరూ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు. నాకు భాష అర్థం కాలేదు, విషయం అర్థమైంది.

"బామ్మర్దీ," అన్నాడు బావ.

"ఆ బావా."

"అది ఊడొచ్చేదేనా?"

"కాదు."

చెప్పేశాను. మూత, బొట్టు, పానా, భాయ్‌తో ఆడిన అబద్ధం, పాల్వంచ గోరు, అన్నీ. ఆయన ఎదురుగా ఉన్న టేకు చెట్టునే చూస్తూ విన్నాడు.

"అంటే తల్లాడ కాడ లారీని దాటినప్పుడు గూడ గిట్లనే ఉండెనా?"

"అవ్."

"కొత్తగూడెం కాడ ఆటో ఎదురొచ్చినప్పుడు?"

"అవ్."

"పాల్వంచల చాయ్ తాగినప్పుడు?"

"అప్పుడు ఆగి ఉన్నం గద బావా."

ఆయన దిగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టేకు చెట్టును తాకి, నా వైపు వచ్చి నిలబడ్డాడు. నా బండి బతుకు ఆయన నోట్లో ఉంది. ఇంటికి ఫోను చేసి ఒక్క మాట అంటే చాలు.

"నట్టేది?"

ఊడిన మూతతో పాటు ఎక్కడో పడింది. ఇద్దరం మోకాళ్ల మీద వంగి వెతికాం. ఆయన సీటు కింద, నిమ్మకాయ తొక్క పక్కన దొరికింది. చక్రాన్ని పళ్ల మీద కూర్చోబెట్టి, నట్టు ఎక్కించి, వేళ్లతో ఆడినంత మేర తిప్పాను.

"జరుగు," అని బావ భుజం మీది తువ్వాల తీశాడు. నీళ్ల సీసాతో తడిపి, పిండి, నట్టుకు చుట్టి, రెండు చేతులతో మెలిపెట్టాడు. మెడ నరాలు లేచాయి. "మీ అక్క పానా తగలొద్దన్నది. తువ్వాల సంగతి ఏమనలే."

"బావా, అక్కకు..."

"కాయ కొట్టేదాంక చెప్ప. నడుపు. మెల్లగ."

మూత నొక్కి బయల్దేరాం. రెండో గేరు దాటలేదు. బావ ఎడమచేత్తో తలుపు పట్టుకుని, కుడి అరచెయ్యి చాచి హారన్ మూత మీద ఆనించి, చక్రాన్ని లోపలికి నెడుతూ కూర్చున్నాడు. తీగ తగిలి హారన్ మోగుతూనే ఉంది. సారపాక పొడుగునా, మిల్లు గేటు ముందు షిఫ్టు దిగుతున్న జనం మధ్య నుంచీ, ఆగకుండా మోగుతూ పోయాం. దారి దానంతటదే విడిపోయింది. గోదావరి వంతెన మీద కింద నీళ్లు కనబడుతున్నంతసేపూ ఇద్దరం ఊపిరి కూడా పొదుపుగా తీసుకున్నాం. ఆయన "రైట్ రైట్" అనని ప్రయాణం నేను చూసింది అదొక్కటే.

గుడి ముందు కాయ కొట్టాం. రెండు చిప్పలూ సమంగా పగిలాయి. ఆ వెంటనే, దర్శనానికి కూడా వెళ్లకుండా, బజారులో ఒక మెకానిక్ దగ్గర పానా పట్టించాం.

ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే బావ నోరు విప్పాడు. చెప్ప అన్నది కాయ కొట్టేదాకేనట. ఆయన కథలో గుంత లోయ అయింది, టేకు చెట్టు మాయమైంది. నేను చక్రం పట్టుకుని "బావా బావా" అని ఏడుస్తుంటే, ఆయనే అడ్డంగా వంగి చేత్తో బ్రేకు నొక్కి బండిని ఆపాడట. ఆ వారమంతా వీధిలో, నా కొట్లో, పెండ్లిలో, పరామర్శలో అదే కథ. విత్తనాలకొచ్చిన రైతులు కూడా "సారూ, చక్రం ఉందా ఇయ్యాల?" అని అడిగి మరీ కూర్చునేవాళ్లు.

అక్క మాత్రం నవ్వలేదు. కథ మొదటిసారి విన్నప్పుడు తెల్లగా అయిపోయి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పానా తగిలిందా?"

"లేదు," అన్నాం ఇద్దరం.

ఆమె మాట మీద నిలబడే మనిషి. "అయితే బండి ఉండనీ. గానీ ఇగ నువ్వు ఒక్కనివి ఊరు దాటొద్దు తమ్మీ. మీ బావ పక్కన ఉండాలె. ఇయ్యాల ఆయన లేకుంటే ఏమైతుండె?"

బండి దక్కింది, బావతో సహా. ఆ తర్వాత ఎర్రుపాలెం వెళ్లినా, వైరా వెళ్లినా పక్కన ఆయనే. ఎడమకు కొట్టు, కుడికి కొయ్యి, హోల్డాన్, రైట్ రైట్. తలుపు రంగు ఆయన చరిచే చోట వెలిసిపోయింది.

పాత చక్రాన్ని నేను పారేయలేదు. ఒకరోజు కూర్చుని, బావ సీటు ముందు డ్యాష్‌బోర్డుకు ఒక ఇనుప పట్టీ వేసి దాన్ని బిగించాను. ఈసారి పానాతో, ముందే. అది నున్నగా తిరుగుతుంది. దేన్నీ తిప్పదు.

దమ్మపేటలో బావ వాళ్ల వియ్యంకుల గృహప్రవేశం. ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీలో వచ్చి, తలుపు తీసి ఆగిపోయాడు.

"ఏంది బామ్మర్దీ ఇది?"

"నీకే బావా. నువ్వు లేకుంటే బండి నడుస్తలేదు గద."

కోప్పడతాడనుకున్నాను. కూర్చుని, రెండు చేతులూ చక్రం మీద వేసి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సత్తుపల్లి దాటేదాకా దాని మీంచి చేతులు తీయలేదు. మూల వస్తే నాకంటే ముందే తిప్పుతున్నాడు. లారీ వస్తే పెదవి బిగించి పక్కకు కోస్తున్నాడు. ఎండ నెత్తి మీదికొచ్చింది, పైకప్పు తీసే ఉంది. నల్ల ప్లాస్టిక్ మెల్లగా వేడెక్కుతోంది. నేను ముందుకు చూసి నడిపాను.

వియ్యంకులు గేటు దగ్గరే ఎదురొచ్చారు. బావ దిగి, లాల్చీ సర్దుకుని, నిండుగా నవ్వి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. వియ్యంకుడి నవ్వు సగంలో ఆగింది. లాల్చీ మీద పది వేళ్లూ అచ్చు పడి ఉన్నాయి.

నేను బండి తాళం తీసుకుని పక్కకొచ్చి, చెవిలోనే అడిగాను, అందరికీ వినబడేలా.

"ఏం బావా, బొగ్గుబాయిల డ్యూటీ దిగి వస్తున్నవా?"